ఫైబర్ మిద్దె కింద మగ్గం

హిందూపురంలో ఆ కళ్యాణమండపం యజమాని ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్నే మంజులత పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది. భోజనాల హాలు మీద మంజులత పనిచేసే యూనిట్ వేసిన ఫైబర్ పైకప్పు ఉన్నట్టుండి టప్పుమంటోందనీ, పెళ్ళివాళ్ళు ముద్ద చేతిలో పట్టుకుని పైకి చూస్తున్నారనీ ఆయన గోల. మంజులత రోజంతా అక్కడే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ సుత్తి పిడితో తడుతూ, బోలుగా పలికిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టింది. ఎండ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి కప్పుకు చెవి ఆనించి విన్నది. చివరికి దొంగ దొరికాడు. ఎండకు కప్పు సాగుతుంది కాబట్టి ఫైబర్ అంచుకూ పిట్టగోడకూ నడుమ వేలు పట్టేంత సందు వదలాలి. మన మేస్త్రీలకు సందు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఎవరో దాని నిండా సిమెంటు కూరి నున్నగా మెత్తేశారు. సాగడానికి దారి లేక కప్పు బిగదీసుకుని బిగదీసుకుని ఒక్కసారిగా జారుతోంది. ఆ చప్పుడే అది.

సిమెంటు తొలిపించాక యజమాని సంతోషపడి కాఫీ తెప్పించాడు. ఫోన్ చేస్తే మర్నాటికల్లా వచ్చే కంపెనీని తాను చూడలేదన్నాడు. ఆ మాటతో మంజులతకు కాఫీ సగంలోనే ఆదెమ్మ అత్త గుర్తొచ్చింది. అత్త కూడా ఇలాంటి చప్పుడు సంగతే చెప్పింది, ఫోన్‌లో. అప్పుడు ఎండాకాలం. ఇప్పుడు వానలు కూడా అయిపోవచ్చాయి.

మంజులతది కనగానపల్లి. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా చదివింది ధర్మవరంలో, ఉన్నది మేనమామ రాజశేఖర్ ఇంట్లో. అటూ ఇటూ రెండు కుటుంబాల్లోనూ డిగ్రీ మొహం చూసింది ఆమె ఒక్కతే. కెమిస్ట్రీ పుస్తకం పట్టుకుని మగ్గం గదిలో గోడవార కూర్చునేది. ఆ చప్పుడు లేకపోతే ఆమెకు చదువు ఎక్కేది కాదు. అది పెద్దంచు పట్టుచీరల మగ్గం. ఒక్కరితో సాగదు. గుంతలోకి కాళ్ళు వదిలి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మామూలుగా మొగుడు నేస్తాడు, పెళ్ళాం పక్కనుంచి అంచు పోగు మోసే నాడె వేస్తుంది. ఆ ఇంట్లో తలకిందులు. నేసేది ఆదెమ్మ, పక్క నాడె రాజశేఖర్‌ది. తాను పెళ్ళాం కింద కూలివాడినని మామ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. అత్త అడ్డపోగు పేక వేసి, దాన్ని ఒత్తే బరువైన పలక లాగి కొట్టిందంటే గోడ మీద అద్దం అదిరేది. ఆ దెబ్బకే పోగూ పోగూ ఒత్తుకుని గుడ్డ గట్టిపడేది. ఆదెమ్మ నేసిన చీర మడత నిలబడుతుందని పేరు. పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు వేణుమాధవ్, కొత్త డిజైన్ ఏది వచ్చినా ముందు ఆ ఇంటికే నిలువుపోగుల పడుగు పంపేవాడు.

ఆ మగ్గం ఆగేది వానకు మాత్రమే. పాత మట్టి మిద్దె కారి, గుంతలోకి నీళ్ళు దిగి, ఆరేదాకా ఇద్దరూ చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. మంజులతకు హిందూపురం ఫైబర్ యూనిట్‌లో ఉద్యోగం వచ్చింది. నీళ్ళ ట్యాంకులు చేసే ఆ యూనిట్ పైకప్పులు కూడా వేయడం మొదలుపెట్టగానే, అత్త మగ్గం ఇక వానకు ఆగకూడదు అనుకుంది. పెట్టిన అన్నానికి తాను చేయగలిగింది అదొక్కటే అనిపించింది. చలికాలంలో తనే దగ్గరుండి మట్టి తీయించింది. కొత్త దూలాలు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద రెజిన్ పోసి ఫైబర్ పొర. ఆ తర్వాత వచ్చిన అకాల వానకు చుక్క కారలేదు. మా పాప వేయించింది అని అత్త వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెప్పుకుంది.

ఎండలు ముదిరాక ఫోన్ చేసింది. పొద్దున, మళ్ళీ పొద్దుగూకేటప్పుడు మిద్దె మీద ఎవరో నడిచినట్టు ఉంటోందని. మంజులత అప్పుడు వేరే సైటులో ఉంది. ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, భయపడాల్సింది లేదని ఓపికగానే చెప్పింది. అత్త ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కింటి మునియమ్మకు కూడా వినిపిస్తోంది. చూసినావా, అని మునియమ్మతో అనడం కూడా వినబడింది. చివర్లో అత్త ఇంకేదో అడిగింది. మంజులత దానికీ ఏదో జవాబు చెప్పి పెట్టేసింది. కాఫీ చల్లారేదాకా ఆలోచించినా ఆ అడిగిందేమిటో గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం బస్సెక్కింది. పెనుకొండ కొండ కనబడుతుండగా మామకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పింది. పని మీద ఉండా, సాయంత్రం వస్తా, ఇంట్లోనే ఉండు, అన్నాడు మామ. వెనక గిన్నెలు, ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడేస్తున్న చప్పుడు. ఏదో పెళ్ళికి పోయినట్టున్నాడు అనుకుంది.

వీధిలోకి మలుపు తిరిగేసరికి మునియమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమ్మే ఇంజనీరమ్మా, మీ మిద్దె మీద సంసారం పెట్టిన దయ్యాన్ని ఖాళీ చేయించేకి వచ్చినావా?"

"అవునవ్వా. బాడుగ కట్టలేదంట," అంది మంజులత.

మునియమ్మ నవ్వింది గానీ ఎప్పుడూ నవ్వినంత నవ్వలేదు. అత్త ఇంటి ముందుకు వచ్చినా మగ్గం చప్పుడు లేదు. అన్నం వేళ కదా అనుకుంది మంజులత. అత్త ఎదురొచ్చి సంచీ అందుకుంది, చిక్కిపోయినావన్నది, రాగిసంగటి చేశానన్నది. మిద్దె మాట మాత్రం తనంత తాను ఎత్తలేదు. పైకెక్కి చూస్తానని మంజులతే అంటే, ఎండలో యాలమ్మా, సంగటి తిను ముందు, అంది.

తినకుండానే ఎక్కింది. అనుకున్నదే అయింది. పిట్టగోడ పొడుగునా సందులో సిమెంటు. మామే పూయించి ఉంటాడు, వాన పడుతుందని. ఉలి పెట్టి ఒక మూల తొలిచేసరికి కప్పు ఊపిరి వదిలినట్టు చిన్నగా కదిలింది. మంజులతకు మనసు తేలికపడింది. అయినా హిందూపురంలో యజమానికి చేసినంతా ఇక్కడా చేయాలి కదా అని, కప్పు మొత్తం తట్టి చూసింది. ప్లైవుడ్ ఎక్కడా లేచిపోలేదు. నడుము పట్టినా ఓర్చుకుని కింద దూలం ఉన్న చోటల్లా సుద్దతో గీత గీసింది. ఇక ఒక్క పరీక్షే మిగిలింది.

"అత్తా, కాసేపు మగ్గం ఆడించు. నేను పైన చెవి పెట్టి వింటా."

మళ్ళీ పిలిచింది.

"నేసేకి ఏముండాదమ్మా ఈడ," అంది అత్త.

నిచ్చెన దిగి మగ్గం గదిలోకి వచ్చింది. గుంత మీద చెక్కలు పరిచి ఉన్నాయి. చెక్కల మీద ఎర్రగడ్డల బుట్ట. మగ్గం మీద పడుగు లేదు. పోగులు దూర్చే అచ్చు వెనక, కొత్త పడుగు వస్తే అతకడానికి వదిలే పాత పోగులు మాత్రం కట్టగా ముడివేసి వేలాడుతున్నాయి. వాటి మీద దుమ్ము పడకుండా అత్త పాత రవిక గుడ్డ కప్పింది.

అడగగా అడగగా చెప్పింది. ఎర్రగడ్డల పొట్టు ఒలుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. పొద్దునా సాయంత్రం వచ్చే చప్పుడు గురించి మంజులత చెప్పాక దిగులు పోయింది. కానీ ఇంకొకటి ఉంది. పలక కొట్టినప్పుడల్లా మిద్దె కిర్రుమంటుంది. గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా. మట్టి మిద్దె కింద పుట్టి పెరిగిన మనిషి, మిద్దె పలకడం ఎన్నడూ వినలేదు. పైగా ఇది మట్టి కాదు, అట్టలాంటిది. కొడితే కొడితే ఏదో ఒకరోజు నెత్తిన పడుతుందనుకున్నారు మొగుడూ పెళ్ళాలు. పడితే తమ ప్రాణం సంగతి దేవుడెరుగు, పాప వేయించిన మిద్దె పడిందని వీధి అంతా అంటుంది. అందుకని మెల్లగా కొట్టడం అలవాటు చేసుకున్నారు.

మెల్లగా కొడితే చీర పల్చబడింది. వేణుమాధవ్ మొదటి చీరను దీపానికి ఎత్తిపట్టి చూసి, ఏమమ్మా, చీరలో గాలి ఆడతాండాది, అని నవ్వుతూనే అన్నాడు. రెండోసారి నవ్వలేదు. ఒంట్లో బాగలేదా అని అడిగాడు. అత్త అవునంది. మిద్దె సంగతి చెప్పలేదు. ఆ పడుగు అయిపోయాక కొత్తది పంపలేదు. మామ కొన్నాళ్ళు చూసి పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరాడు. బస్సులో విన్న ప్లేట్ల చప్పుడు మంజులతకు ఇప్పుడు అర్థమైంది.

"ఇంత జరిగితే నాకు యాల చెప్పల్యా అత్తా?"

"చెప్పినా గదమ్మా."

"ఎప్పుడు?"

"ఆ పొద్దు ఫోన్‌లో. మగ్గం కొట్టేటప్పుడు కూడా పలుకుతాండాది పాపా అంటి. అదీ అంతే అత్తా, అంటివి."

అత్త గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. చదువుకున్న పిల్ల అంతే అన్నాక అది అంతేనని నమ్మింది ఆమె. పలకడం అంతే అయితే, పడకుండా చూసుకోవాల్సింది తామే అనుకుంది. మంజులత ఎర్రగడ్డల బుట్ట పక్కకు జరిపి చెక్కలు తీసింది. చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

గుంతలో దిగి కాలిచెక్క తొక్కింది. పడుగు లేకపోయినా పైన డిజైన్ ప్రకారం పోగులు లేపే జాకాట్ పెట్టె గడగడమని లేచింది. వెంటనే మిద్దె కిర్రుమంది. ఒకసారి కాదు, తొక్కినన్ని సార్లూ. పెట్టెను మోసే కొయ్య చట్రం మీద నుంచి చూపు పైకి పోనిచ్చింది. చట్రానికీ కొత్త దూలానికీ నడుమ బిగించి కొట్టిన చెక్కముక్క ఉంది.

ఆ చెక్క కొట్టిన రోజు ఆమె అక్కడే ఉంది. పాత మిద్దెలో చట్రాన్ని దూలానికి కట్టేవాళ్ళు, పెట్టె ఊగకూడదని. నేతగాళ్ళ ఇళ్ళల్లో ఎక్కడైనా అంతే. ఆ మూరల మందం మట్టి మగ్గం అదురునంతా మింగేసేది. కొత్త దూలం కాస్త ఎత్తులో వచ్చిందని మామ చెక్క కోసి సుత్తితో బిగించాడు. ఇప్పుడు కదలదు చూడు అన్నాడు. బాగుంది మామా, అని ఫోటో కూడా తీసింది తను. ఆ ఫోటో యూనిట్ గ్రూపులో పెట్టింది. పల్చని కప్పు డప్పు తోలు లాంటిదనీ, దానికి ఏది తగిలించినా వాయిస్తుందనీ ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దు తోచలేదు, ఫోన్‌లో అడిగిన పొద్దూ తోచలేదు.

స్టూలు ఎక్కి చెక్కను కింది నుంచి కొట్టింది. రెండు దెబ్బలకు ఊడి కింద పడింది. చట్రం ఊగకుండా గోడకు రెండు పట్టీలు వేసింది. మళ్ళీ కాలిచెక్క తొక్కింది. పెట్టె లేచింది, దిగింది. మిద్దె పలకలేదు. పలకను ఖాళీగానే గట్టిగా లాగి కొట్టింది. గోడ మీద అద్దం అదిరింది. మిద్దె మాత్రం గమ్మున ఉంది.

అత్త వాకిలి పట్టుకుని చూస్తోంది. "అంతేనా?" అని అడిగింది.

మంజులత ఆ మాట అనలేకపోయింది. తల ఊపింది.

వేణుమాధవ్ దుకాణం రెండు వీధుల అవతల. మంజులత వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తప్పు తనదనీ, అత్త చెయ్యి పోలేదనీ, మిద్దెకు జడిసి మెల్లగా కొట్టిందనీ. ఆయన చెడ్డవాడు కాదు. చీరలు మడత పెట్టడం ఆపి అంతా విన్నాడు. మొదటే చెప్పి ఉంటే తానే వడ్రంగిని పంపి ఉండేవాడినన్నాడు. ఆ డిజైన్ ఇప్పుడు వేరే ఇంట్లో నడుస్తోంది, వాళ్ళ నోటి దగ్గరిది తీయలేనన్నాడు. అయితే పండగ ముందు ఇంకో పడుగు కట్టించాల్సి ఉంది.

"నీ మాట నేను కాదనల్యామ్మా. నాకు కావల్సింది గుడ్డ. మిగిలిన పోగులుండాయి గదా, ఆదెమ్మను జానెడు నేసి చూపించమను. అది ముందర మాదిరి ఉంటే పడుగు ఆ ఇంటికే. రేపు పొద్దున తెచ్చివ్వు."

మంజులత ఇంటికి దాదాపు పరిగెత్తింది. చెబితే అత్త ముఖంలోకి రక్తం వచ్చింది. కొంగు బిగించి మగ్గం తుడిచింది, అచ్చుకు నమస్కారం చేసింది, నాడెలో పెట్టే కండెకు పాత పట్టు చుట్టింది. పొద్దు వాలే వేళకు మామ వచ్చాడు. క్యాంటీన్ వాళ్ళ నీలం చొక్కా మీదే ఉంది. సంగతి విని చొక్కా కూడా విప్పకుండా గుంత దగ్గర చతికిలబడ్డాడు. పాత పోగుల చివర్లకు తాడు ముడివేసి వెనక్కి లాగి కట్టాడు.

"అక్కడ గిన్నెలకు కూలోన్ని, ఈడ నీకు కూలోన్ని. నా రాతే అంత," అన్నాడు పెళ్ళాంతో.

"మాట్లాడకుండా నాడె వెయ్యప్పా," అంది అత్త. చానాళ్ళకు ఆ ఇంట్లో ఆ మాట వినబడినట్టుంది, ఇద్దరూ నవ్వుకున్నారు.

నేయడం మొదలైంది. పోగులు లేచాయి, నాడె ఇటు నుంచి అటు పోయింది, మామ నాడె వచ్చింది, అత్త పలక లాగింది. చప్పుడు వచ్చింది గానీ అది ఆ చప్పుడు కాదు. గోడ మీద అద్దంలో ముగ్గురి ముఖాలూ కదలకుండా ఉన్నాయి. అత్త చూపు గుడ్డ మీద లేదు. పలక గుడ్డను తాకే క్షణానికి ముందు కళ్ళు చప్పున పైకి పోతున్నాయి.

"మిద్దె పలకదు అత్తా. నీ బలమంతా పెట్టి కొట్టు."

"కొడతాండా గదమ్మా."

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. మామ నాడె వేయడం ఆపి ఆమె మోచేతి కింద చెయ్యి పెట్టి, రా, ఇద్దరం కొడదాం, అన్నాడు. అలా కొట్టిన ఒక్కసారి అద్దం అదిరింది. ఆయన చెయ్యి తీసేస్తే మళ్ళీ మామూలే. అత్త తన చేతిని తిప్పి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంది.

"లాగేటప్పుడు బలం వస్తాండాది. తగిలే ముందర ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోతాండాది. నేను ఆపడంల్యా పాపా."

మంజులత నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి వెళ్ళింది. నడిమధ్య నిలబడి రెండు కాళ్ళతో ఎగిరి దూకింది. అత్తా, నేను దూకినా ఏం కాల్యా చూడు, అని కిందికి కేకేసింది. మళ్ళీ దూకింది. పక్క మిద్దె మీద బట్టలు తీస్తున్న మునియమ్మ ఏదో అనబోయి, మంజులత ముఖం చూసి బట్టలు ఎత్తుకుని దిగిపోయింది.

పిట్టగోడ సందులో ఇంకా కొంత సిమెంటు మిగిలి ఉంది. మంజులత కూర్చుని అదంతా తొలిచింది. పొద్దు గూకింది. కప్పు చల్లబడుతున్నా ఎక్కడా టప్పుమనలేదు. రెండు చప్పుళ్ళూ పోయాయి. యూనిట్‌లో అయితే పని పూర్తి అని రాసుకునే వేళ. ఉలి పక్కన పెట్టి, హిందూపురంలో చేసినట్టే పడుకుని చెవి ఆనించింది. మిద్దె నుంచి ఏమీ రాలేదు. కింది వాకిలి తెరిచి ఉండడం వల్ల మగ్గం గది నుంచి వస్తున్నది మాత్రం బాగానే వినబడింది. ఆగి ఆగి, మెత్తగా, పసిబిడ్డను జోకొడుతున్నట్టు పలక దెబ్బ. నడుమ నడుమ మామ, ఇంగొంచెం, ఇంగొంచెం, అంటున్నాడు. కొడతాండా, అంటోంది అత్త.

రేపు పొద్దున ఆ జానెడు గుడ్డను దీపానికి ఎత్తిపట్టి వేణుమాధవ్ ఏమంటాడో మంజులతకు తెలిసిపోయింది. అయినా ఆమె లేవలేదు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఊపిరి బిగపట్టి, కింద అద్దం అదురుతుందేమోనని వింటూనే ఉంది.